ఉద్దెర పుస్తకం నుంచి చేతిఫోను దాకా: నీలం నగర్‌లో కొనుగోళ్లు, గోప్యత

కొనేవారి గురించి అమ్మేవారికి ఎంత తెలియాలి, తెలిసింది ఎవరి దగ్గర ఉండాలి అనే ప్రశ్న ఇంటర్‌నెట్‌ కంటే చాలా పాతది. సోలాపూర్ నగరం తూర్పు భాగంలో, అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామిక వాడ పరిసరాల్లో ఉన్న నీలం నగర్ వంటి నేత కార్మికుల వాడల్లో ఈ ప్రశ్న ప్రతి కుటుంబం అనుభవంలోనూ ఉంది. కిరాణా కొట్టులోని ఉద్దెర పుస్తకం, మరమగ్గాల యజమాని దగ్గరి బాకీ ఖాతా, బీడీ కార్ఖానా ఇచ్చే లాగ్‌బుక్, పోస్టాఫీసులో నింపిన మనియార్డరు ఫారం, ఇవన్నీ ఒక ఇల్లు ఎంత సంపాదిస్తోందో, ఏం తింటోందో, ఎవరికి ఎంత పంపుతోందో రాసిపెట్టిన కాగితాలే. గత పదేళ్లలో ఈ కాగితాలు చాలావరకు చేతిఫోనులోకి మారాయి. ఆ మార్పులో ఏం పోయిందో, ఏం వచ్చిందో తూచాలంటే పాత పుస్తకాలు ఎవరి చేతుల్లో, ఏ పద్ధతిలో నడిచేవో ముందుగా చూడాలి.

ఆ పుస్తకాలు నడిచిన వాడలు ఎలా ఏర్పడ్డాయో మొదట చెప్పాలి. 1860లో రైలు మార్గం సోలాపూర్‌ను చేరింది. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ వెలిసింది. స్థానికులు దానిని నేటికీ ‘జునీ మిల్లు’ అనే పిలుస్తారు. నాటి నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు పందొమ్మిదో శతాబ్దంలోనూ, ఆ తరువాత దశాబ్దాలపాటూ విడతలు విడతలుగా ఈ పట్టణానికి వలస వచ్చాయి. మొదట ఇంట్లోనే చేమగ్గం, తరువాత మరమగ్గం, అంటే సిరిసిల్లలో సాంచ అని పిలిచే విద్యుత్ మగ్గం, వారి జీవనాధారమయింది. 1960ల తొలి సంవత్సరాల్లో జునీ మిల్లు మూతపడ్డాక నగరపు నేతలో చిన్న కార్ఖానాల పాత్ర మరింత పెరిగింది. మగవారు మగ్గం మీద, ఆడవారు ఇంటి వద్ద బీడీల చేట ముందు కూర్చునే పని విభజన ఈ వాడల్లో బలంగా స్థిరపడింది. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ మరాఠీ, ఇరుగుపొరుగున కన్నడం, ఇదీ ఇక్కడి భాషా పరిస్థితి. పద్మశాలీల మార్కండేయ రథోత్సవం శ్రావణ పౌర్ణమి నాడు నగరమంతా సాగుతుంది కాని, ఆ ఉత్సవానికి వచ్చే పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగి తెలుగు లిపి చదవలేనివారు ఎందరో. ఈ చిన్న వాస్తవం నేటి గోప్యతా చట్టం విషయంలో ఎంత బరువైనదో తరువాత తేలుతుంది.

గోప్యత అనగానే తలుపు మూసుకున్న గదిని ఊహించుకునే అలవాటు విద్యావంతుల్లో ఉంది. మగ్గమూ వంటా నిద్రా ఒకే గదిలో సాగిన ఇళ్లకు ఆ ఊహ వర్తించదు. అక్కడ ఎవరింట్లో ఏ కూర వండారో గల్లీ మొత్తానికి తెలిసేది. అయినా ఆ జీవితంలో గోప్యత లేదనడం పొరపాటు. గోప్యతకు శాస్త్రకారులు చెప్పే మరో అర్థం ఉంది: తన గురించిన ఏ సమాచారం ఎవరికి చేరాలో నిర్ణయించుకోగలగడం. ఆ అర్థంలో చూస్తే నీలం నగర్ గృహిణికి కొంత స్వాధీనం ఉండేది. కిరాణా కొట్టువాడికి ఆమె బియ్యం, నూనె లెక్క తెలుసు కాని, ఆమె భిశీలో, అంటే ఇరుగుపొరుగు స్త్రీలు కలిసి నడుపుకొనే చీటీలో, ఎంత వేస్తున్నదో తెలియదు. బీడీ కార్ఖానా గుమస్తాకు ఆమె రోజుకు ఎన్ని బీడీలు చుట్టిందో తెలుసు కాని, ఆ కూలితో ఏం కొన్నదో తెలియదు. పోస్టుమాస్టరుకు ఊరికి పంపిన మొత్తం తెలుసు, భర్త మగ్గం బాకీ తెలియదు. ఒక్కో పుస్తకంలో ఆమె బతుకులోని ఒక్కో ముక్క ఉండేది. ఆ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చి చదవగలిగే మనిషి ఎవరూ ఉండేవారు కారు. ఆ పుస్తకాలు విడివిడిగా ఉండడమే ఆమెకు రక్షణ అయింది.

ఈ మాటను పాత పద్ధతిని కీర్తించడంగా తీసుకోకూడదు. ఉద్దెర పుస్తకం వారం కూలి మీద బతికే కుటుంబాన్ని ఆకలి నుంచి కాపాడింది, ఒకే కొట్టుకు కట్టిపడేసింది కూడా. బాకీ ఉన్నంతకాలం మరో కొట్టులో చవకగా దొరికినా కొనే స్వేచ్ఛ లేదు, కొట్టులో ఉన్న రకమే ఇంటి రుచి అవుతుంది. కార్ఖానాలో తీసుకున్న బాకీ దీనికంటే కఠినమైనది: పెళ్లికో, రోగానికో యజమాని దగ్గర ముందుగా తీసుకున్న డబ్బు తీరేదాకా కార్మికుడు మరో మగ్గానికి పోలేడు, పోదలచుకుంటే కొత్త యజమాని ఆ బాకీని పాత యజమానికి చెల్లించి అతణ్ని తీసుకోవాలి. అంటే ఖాతాతోపాటు మనిషీ చేతులు మారతాడు. అయితే ఈ ఖాతాలకు ఒక గుణం ఉండేది: అవి కంటికి కనబడేవి. కొట్టువాడు పెద్ద పుస్తకంలో రాసిందే ఇంటివారి చిన్న పుస్తకంలోనూ రాయాలి. చదువు రాని తల్లి బడికి పోయే కొడుకు చేత దాన్ని చదివించి, రాయని వస్తువు రాశారని కొట్టు ముందు నిలబడి తగాదా పెట్టుకోగలదు.

ఆ తగాదా వ్యక్తుల స్థాయి దాటి ఉద్యమంగా మారిన చోటు బీడీ కార్ఖానా. కార్ఖానా తునికాకు, తంబాకు తూచి ఇస్తుంది. కార్మికురాలు ఇంటివద్ద చుట్టి లెక్కకు తిరిగి ఇస్తుంది. బాగా లేవన్న నెపంతో గుమస్తా తీసిపారేసే బీడీలను ఛాట్ అంటారు. ఇచ్చిన ఆకు, వచ్చిన బీడీలు, కట్టిన కూలి రాసే పుస్తకమే లాగ్‌బుక్. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చాక ఈ పుస్తకానికీ, గుర్తింపు కార్డుకూ విలువ పెరిగింది. పేరు నమోదు కాని స్త్రీకి భవిష్యనిధి లేదు, దవాఖానా లేదు, పిల్లలకు విద్యార్థి వేతనం లేదు. అందుకే సోలాపూర్ బీడీ స్త్రీలు తమను లెక్కలోకి ఎక్కించాలని పోరాడారు. నరసయ్య ఆడం నాయకత్వంలోని కార్మిక సంఘం కృషితో సోలాపూర్ సమీపంలోని కుంభారి వద్ద వెలిసిన గోదూతాయి పరుళేకర్ గృహ పథకంలోని 10,000 ఇళ్లను 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ కార్మికులకు అప్పగించారు. దానికి కొనసాగింపుగా వచ్చిన రేనగర్ పథకంలో 15,000 ఇళ్లు 2024 జనవరి 19న ప్రారంభమయ్యాయి. ఆ ఇళ్లకు ఆధారం కార్మికురాలిగా ఆమె పేరు ఎక్కిన కాగితమే. కాబట్టి ఈ వాడల చరిత్ర తమ గురించి ఏదీ రాయవద్దన్న కోరిక మీద నడవలేదు. రాసింది తమకు కనబడాలి, తమ హక్కుకు పనికిరావాలి అన్న పట్టుదల మీద నడిచింది. గోప్యతను గురించిన నేటి చర్చలు ఈ అనుభవాన్ని పట్టించుకోకపోవడం పెద్ద లోపం.

దూరం నుంచి సరుకు తెప్పించుకోవడం కూడా కొత్త సంగతి కాదు. వీపీపీ అని జనం పిలిచే విలువ చెల్లింపు తపాలా పద్ధతి భారతదేశంలో 1877లో మొదలైంది: అమ్మకందారు పొట్లం పంపుతాడు, తపాలా జవాను ఇంటివద్ద డబ్బు తీసుకుని పొట్లం ఇస్తాడు, పోస్టాఫీసు ఆ డబ్బును అమ్మకందారుకు చేరుస్తుంది. 1880లో వచ్చిన మనియార్డరు వలస కుటుంబాలను తెలంగాణ పల్లెలతో కలిపి ఉంచింది. తపాలా శాఖకు ఇందులో తెలిసేది చిరునామా, మొత్తం మాత్రమే; పొట్లంలో ఏముందో చూడాలన్న ఆసక్తి గాని, చూసి గుర్తుపెట్టుకునే యంత్రాంగం గాని దానికి లేదు. ప్రభుత్వం ఉత్తరాలు విప్పేందుకు 1898 తపాలా చట్టంలోనూ, తంతి వార్తలను, తరువాతి కాలంలో టెలిఫోను సంభాషణలను వినేందుకు 1885 టెలిగ్రాఫ్ చట్టంలోనూ అధికారాలు ఉండేవి. టెలిఫోను వినడానికి కట్టుబాట్లను సుప్రీంకోర్టు 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో విధించింది. ఆ కాలమంతటా గోప్యతకు ముప్పు ప్రభుత్వం నుంచే అన్న భావన ఉండేది. దుకాణందారు వల్ల ముప్పు రావచ్చని ఎవరూ తలచలేదు.

ఆ భావనను తలకిందులు చేసిన చిన్న సాంకేతిక పరికరం కుకీ. వెబ్‌సైటు తనను చూడవచ్చిన వారి కంప్యూటరులో ఉంచే చిన్న గుర్తు చీటీని కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటులీ అనే ఇంజనీరు దీన్ని రూపొందించాడు. కొనదలచిన వస్తువులు బుట్టలో నిలిచి ఉండేందుకు పుట్టిన ఆ చీటీని ప్రకటనల సంస్థలు కొద్ది ఏళ్లలోనే మరో పనికి వాడుకున్నాయి: ఒకే సంస్థ చీటీ అనేక సైట్లలో ఉంటే, ఒక మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో, ఏది చూసి కొనకుండా వదిలాడో ఆ సంస్థ కలిపి చదవగలదు. విడివిడిగా ఉన్న పుస్తకాలను ఒకటిగా కుట్టడం ఇక్కడే మొదలైంది. భారతదేశంలో 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలైనప్పుడు దాని తొలి పుస్తకం ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. సోలాపూర్ నేతవారిలో అనేకులకు మూల స్థానమైన జిల్లా అది కావడం గమనించదగినది. 2010లో ఆ సంస్థ ప్రవేశపెట్టిన సరుకు అందాక డబ్బు కట్టే పద్ధతి పాత వీపీపీకి వారసురాలే. 2013లో అమెజాన్, 2015లో మీషో వచ్చాయి.

నీలం నగర్ వంటి వాడల్లోకి ఇంటర్‌నెట్ కంప్యూటరు ద్వారా రాలేదు, చేతిఫోను ద్వారా వచ్చింది. అదీ రెండు మూడేళ్ల వ్యవధిలో ఒక్కసారిగా వచ్చింది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ, అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు ఫోను ద్వారా తక్షణం డబ్బు పంపే వ్యవస్థ, ఆవిష్కృతమైంది. సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర పడిపోయింది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ తరువాత కూలిని కార్మికుల రాతపూర్వక అంగీకారం లేకుండానే బ్యాంకు ఖాతాలో వేసేందుకు వేతన చెల్లింపు చట్టాన్ని 2017లో సవరించారు. వారం వారం చేతికి వచ్చే నగదు ఒక ఆడమనిషికి ఇచ్చిన ముఖ్యమైన గోప్యత, ఆ డబ్బు ఎటు పోయిందో మరెవరికీ తెలియకపోవడం. అందులోంచి భర్తకు కూడా తెలియకుండా పది, ఇరవై దాచుకోవడం ఈ వాడల్లో తరతరాల ఆర్థిక నీతి. కూలి ఖాతాలో పడి, ఆ ఖాతా సందేశాలు భర్త ఫోనుకో, కొడుకు ఫోనుకో వచ్చినప్పుడు ఆ చిన్న మరుగు పోతుంది. గోప్యత గురించిన పెద్ద పుస్తకాలు సంస్థలను, ప్రభుత్వాలను లెక్కలోకి తీసుకుంటాయి కాని, ఇంటిలోపలి ఈ నష్టాన్ని అరుదుగా గుర్తిస్తాయి.

కొనుగోలు అలవాట్లు కూడా ఇదే కాలంలో రూపు మారాయి. కొత్త బట్ట దసరాకో, రథోత్సవానికో, పెళ్లికో కొనే వస్తువు. దానికి రుతువు ఉండేది, కూడబెట్టుకునే గడువు ఉండేది. ఫోనులో దుకాణం రోజంతా తెరిచే ఉంటుంది. చూసిన చీర మరో వీడియో పక్కన మళ్లీ కనబడుతుంది. ఇది కొన్నవారు అది కూడా కొన్నారన్న సూచన అమెజాన్ 1990ల చివర తెచ్చిన పద్ధతి, నేడు ప్రతి యాప్‌లోనూ ఉంది. మీషో నమూనాలో స్త్రీలే వాట్సాప్ గుంపుల్లో చీరల బొమ్మలు పంచి, తెలిసినవారికి అమ్మి కొంత మిగుల్చుకునే అవకాశం వచ్చింది. బీడీ చేట తప్ప మరో ఆదాయం ఎరుగని ఇళ్లకు ఇది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయరాదు. వీడియో, గొంతుతో వెతకడం వచ్చాక తెలుగు లిపి రాని తెలుగువారికి తమ భాష మళ్లీ చేరువైంది. మరోవైపు, కొనేవారిని తొందరపెట్టి, మభ్యపెట్టి, వద్దన్న వస్తువును బుట్టలో చేర్చి అమ్మే ఎత్తుగడలు ఎంత పెరిగాయంటే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న అలాంటి 13 పద్ధతులను పేర్లతో సహా నిషేధించవలసి వచ్చింది.

ఈ వాడలకు ఇంటర్‌నెట్‌తో మరో సంబంధం ఉంది: ఇక్కడివారు కొనేవారే కాదు, దేశం కొనే సరుకును నేసేవారు. అట్టల మీద వరుసగా కొట్టిన రంధ్రాలే ఏ పడుగు దారం లేవాలో, ఏది ఆగాలో నిర్ణయించే జకార్డు అనే యంత్రంతో నేసిన సోలాపూర్ చద్దరుకూ, టెర్రీ టవల్‌కూ 2005-06లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఫలానా ప్రాంతంలో తయారైన వస్తువుకే ఆ ప్రాంతం పేరు చెందుతుందనే చట్టపరమైన హక్కు అది; అంతకు ఏడాది ముందు పోచంపల్లి ఇక్కత్‌కు లభించినదీ అదే. కాని సోలాపూర్ పేరుతో మరోచోట నేసిన చవక దుప్పట్లు అమ్ముడుపోవడం ఆగలేదు, ఫోను తెర మీద బట్ట బరువును చేతితో తూచే వీలు లేనందున ఆ మోసం తేలికైంది. పూర్వం ముంబయి, హైదరాబాదు వ్యాపారుల ఆర్డర్ల ద్వారా ఏ రంగు ఎక్కడ పోతుందో సోలాపూర్‌కు తెలిసేది. ఇప్పుడు ఎవరు వెతికారు, ఎవరు కొన్నారు, ఎవరు తిప్పి పంపారు అన్న జ్ఞానమంతా అమ్మకపు వేదిక దగ్గరే ఉంటుంది. కొనేవారి గోప్యత తగ్గింది, కాని ఆ సమాచారంలో నేసేవారికి దక్కింది చాలా తక్కువ. నేతగానికి ఇది రెండు వైపులా నష్టం.

అన్నిటికంటే కఠినమైన అధ్యాయం ఫోను అప్పులది. క్షణాల్లో అప్పు ఇస్తామన్న యాప్‌లు, ఫోనులోని పేర్ల పట్టికను, ఫొటోలను చూసేందుకు అనుమతి తీసుకుని, బాకీ ఆలస్యమైతే ఆ పట్టికలోని బంధువులకూ, పనిచేసే చోటికీ అవమానకరమైన సందేశాలు పంపాయి. 2020 డిసెంబరులో తెలంగాణలో ఈ వేధింపులతో ఆత్మహత్యలు జరిగాక హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టారు. 2021లో రిజర్వు బ్యాంకు నియమించిన బృందం, పరిశీలించిన సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేల్చింది. 2022 సెప్టెంబరులో వచ్చిన మార్గదర్శకాలు అప్పు ఇచ్చే యాప్ పేర్ల పట్టికను, కాల్ వివరాలను తాకరాదన్నాయి. మగ్గం బాకీ పెద్దదే, గల్లీలో అందరికీ తెలిసిందే; అయినా దాన్ని తెలిసినవారి మధ్యవర్తిత్వంతో సర్దుకునే దారి ఉండేది. ముఖం లేని అప్పు ఆ దారిని మూసి, మధ్యవర్తులు కావలసిన చుట్టపక్కాలనే శిక్షగా వాడుకుంది.

చట్టం ఈ వేగాన్ని ఆలస్యంగా అందుకుంది. సుప్రీంకోర్టు ఇచ్చిన 1954 నాటి ఎం.పి.శర్మ తీర్పు, 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఒప్పుకోలేదు. ఆధార్‌ను సవాలు చేస్తూ కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ హక్కును ప్రకటించారు. ఆధార్ చట్టంపై 2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పు ప్రైవేటు సంస్థలు ఒప్పందం పేరిట ఆధార్ అడగడాన్ని కొట్టివేసింది. బీడీ చుట్టేవారి వేళ్ల గీతలు ఆకు రాపిడికి అరిగిపోతాయి గనుక, వేలిముద్రను గుర్తింపుగా తీసుకునే యంత్రం ఎదుట వారికి మరో అదనపు కష్టం ఉంది. లాగ్‌బుక్ మీద పేరు కోసం పోరాడిన తరం వారసులకు తమ వేలే తమను గుర్తించకపోవడం చిన్న విషయం కాదు.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం సేకరించే ముందు ఏం తీసుకుంటున్నారో, ఎందుకో తెలిపి అంగీకారం తీసుకోవాలంటుంది. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగాని చదివే అవకాశం ఇవ్వాలంటుంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది, మరాఠీ ఉంది. కాని తెలుగులో ఆలోచించి, మరాఠీ అక్షరాలను కూడబలుక్కుని చదివే నీలం నగర్ స్త్రీకి తెలుగు నోటీసు లిపి వల్ల, మరాఠీ నోటీసు చట్టపు భాష వల్ల దూరమవుతాయి. ఆమెకు కావలసింది గొంతుతో చదివి వినిపించే నోటీసు, దాన్ని చట్టం తప్పనిసరి చేయలేదు. పరిహారం విషయంలో లోటు ఇంకా పెద్దది. సమాచారాన్ని అజాగ్రత్తగా ఉంచి నష్టం కలిగించిన సంస్థ బాధితులకు పరిహారం ఇవ్వాలన్న సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షన్‌ను తొలగించే నిబంధన ఈ కొత్త చట్టంలోనే ఉంది. సంస్థపై వేసే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు కాని, అది భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయిన వ్యక్తికి పైసా రాదు, పైగా చట్టం విధించిన బాధ్యతలను ఉల్లంఘిస్తే ఆ వ్యక్తికే 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఛాట్ పేరుతో కోసిన కూలి మీద పోరాడి, వచ్చింది కార్మికురాలి చేతిలో పెట్టించడం బీడీ సంఘాలు ఎరిగిన న్యాయం. దాని పక్కన ఈ ఏర్పాటు వెనకడుగే. 2025 నవంబరులో నోటిఫై అయిన నియమాల ప్రకారం, నోటీసు, అంగీకారం, భద్రత వంటి ముఖ్య బాధ్యతలు 18 నెలల తరువాత, అంటే 2027లో అమలులోకి వస్తాయి.